మా బీర్ బార్‌కు లైసెన్స్ వచ్చింది: నా అనుభవం

నిన్న మధ్యాహ్నం లైసెన్స్ కాగితాన్ని గోడకు తగిలించాం. ఆ ఊపు తగ్గకముందే రాసేస్తున్నాను.

మాది కాలిఫోర్నియాలో ఒక చిన్న ఊరు. ఇళ్ల మధ్య ఉన్న కొట్టు, 16 బీర్ ట్యాపులు, 28 కుర్చీలు. వంటగదిలో నేనూ, నా పార్ట్‌నర్ వియత్నాం అక్కా. గోంగూర పట్టించిన చికెన్ వింగ్స్, కిమ్చీ పకోడీ, నిమ్మగడ్డి వేసిన రొయ్యల వేపుడు. మెనూలో నాలుగు వంటకాల్లో చేపల సాస్, అంటే ఉప్పులో ఊరిన చేపల రసం, పడుతుంది. మా వింగ్స్ లాంటివి ఈ చుట్టుపక్కల ఎక్కడా దొరకవు, ఆ మాట ధైర్యంగా చెప్తాను.

కంపెనీ రిజిస్ట్రేషన్ ఇట్టే అయిపోయింది. బీరు వడ్డించేవాళ్లకు 2022 జూలై 1 నుంచి తప్పనిసరి చేసిన ఆర్‌బీఎస్ శిక్షణ (మద్యం బాధ్యతగా వడ్డించడం నేర్పేది) ఆన్‌లైన్‌లోనే పూర్తయింది. వోక్, అంటే పెద్ద మంట మీద వేపుళ్లు చేసే చైనా బాణలి, పెట్టాలంటే జిడ్డు పొగను లాగే టైప్-1 హుడ్, దాంట్లోనే మంటలార్పే ఏర్పాటు ఉండాలి. డబ్బు బాగా పోయింది గానీ గొడవేమీ లేదు.

గొడవంతా మేం పెట్టుకున్న కన్సల్టెంట్‌తో మొదలైంది. బార్ అన్నాం కదా అని రాష్ట్రం ఇచ్చే మద్యం లైసెన్సుల్లో 42వ రకానికి అప్లికేషన్ పెట్టేశాడు. ఆ రకమైతే 21 ఏళ్లు నిండనివాళ్లను లోపలికి రానివ్వకూడదు. మాకు కావలసింది 41వ రకం. దాంట్లో బీరు, వైన్‌తో పాటు నిజంగా భోజనం పెట్టాలి, పిల్లలతో సహా అందరూ రావచ్చు. ఆ తప్పు సరిదిద్దుకునేసరికి ఆరు వారాలు పోయాయి. అద్దె మాత్రం ఆగలేదు. అందుకే చెప్తున్నాను, పర్మిట్ వస్తేనే అద్దె మొదలవుతుందని రాయించుకోకుండా లీజు మీద సంతకం పెట్టకండి.

తర్వాత తలుపు మీద 30 రోజులు నోటీసు అంటించాం, 500 అడుగుల లోపు ఇళ్లకు ఉత్తరాలు పంపాం. మా కొట్టున్న చోటుకు ఊరి ప్లానింగ్ కమిషన్ (ఎక్కడ ఏ వ్యాపారం పెట్టుకోవచ్చో తేల్చేది) అనుమతి కూడా కావాలి. దానికి బహిరంగ హియరింగ్, అంటే ఊరివాళ్లు వచ్చి తమ మాట చెప్పుకునే సమావేశం.

ఆ సాయంత్రం ఏడుగురు మాకు వ్యతిరేకంగా మాట్లాడారు. పార్కింగ్ గురించి, రాత్రి గోల గురించి అడిగారు. అవి న్యాయమైన భయాలే. కానీ ఒకావిడ మా మెనూ చేత్తో పైకెత్తి, "ఈ చేపల సాస్ కంపు మా పిల్లల గదుల్లోకి వస్తుంది" అంది. వెనక కొందరు నవ్వారు. అక్క తల దించుకుంది. అదే ఊళ్లో ఇరవై ఏళ్లుగా వండిపెడుతున్న మనిషి ఆమె. నాకు ఒళ్లు మండిపోయింది. గుంటూరులో మా పక్కింటివాళ్లు ఎండుచేపలు వేయిస్తే వీధంతా వాసన వచ్చేది, ఎవరూ ఒక్క మాట అనేవాళ్లు కాదు. ఇంకొకరి తిండిని పదిమందిలో కంపు అనకూడదని పెద్దవాళ్లకు కూడా నేర్పాలా?

నాకిచ్చింది మూడు నిమిషాలు. హుడ్ పొగను ఎలా లాగుతుందో చెప్తూ ఉండగానే గంట మోగింది. డ్రాయింగ్ చూపించమన్నారు. అది ఆఫీసులో వదిలేసి వచ్చానన్నాడు కన్సల్టెంట్! నెల రోజులు వాయిదా. కారెక్కాక అక్క "మెనూ మార్చేద్దామా తమ్ముడూ" అని అడిగింది. వద్దన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడే కన్సల్టెంట్‌ను మానిపించాం. డ్రాయింగ్ కాపీలు, డబ్బాల్లో వింగ్స్ పట్టుకుని నేనూ అక్కా 43 ఇళ్ల తలుపులు తట్టాం. మెనూ ఎత్తి చూపించినావిడ తలుపు తీయలేదు. మూలింటి పెద్దాయన మాత్రం చాలాసేపు మాట్లాడారు. ఆయన అడిగింది ఒక్కటే, ఎన్నింటికి మూస్తారని. రాష్ట్ర చట్టం ప్రకారం రాత్రి రెండు దాకా అమ్మవచ్చు. మేం పదింటికే మూస్తామని షరతుగా రాసిచ్చాం. రెండో హియరింగ్‌కు ఆయనే వచ్చి మా తరఫున మాట్లాడారు. పదకొండు నిమిషాల్లో అనుమతి వచ్చింది.

హియరింగ్‌కు వెళ్లేవాళ్లు కాగితాలన్నీ మీ చేతిలోనే పెట్టుకోండి, ఎవరినీ నమ్మకండి. ఇరుగుపొరుగును ముందే కలవండి, మాలాగా అవమానపడ్డాక కాదు.

శుక్రవారం తెరుస్తున్నాం. మెనూలో చేపల సాస్ వంటకాలు నాలుగూ అలాగే ఉన్నాయి, అక్క రాసిన వరసలోనే.