ఎండ ఎత్తిపోసిన నీళ్లు

మాది మునుగోడు పక్క ఊరు. జనవరిలో, యాసంగి నాట్లు జోరుగా పడుతున్నప్పుడు, అమ్రాబాద్‌లో పంతులుగా ఉన్న మా మేనమామ ఫోన్ చేశాడు. "సోలార్ బోరు చూద్దువు, రా అల్లుడా" అన్నాడు. మా ఇంట్లో బోరు ముచ్చట లేని రోజు లేదు కాబట్టి మర్నాడే బయల్దేరాను.

దేవరకొండ, డిండి దాటి మన్ననూర్‌లో ఎడమకు తిరిగితే అమ్రాబాద్. నల్లమల మీది ఈ మెట్టకు దక్షిణాన, లోయలో కృష్ణ పారుతుంది. పైనున్న పొలాలకు మాత్రం వానే దిక్కు. పోడు భూములకు ఉచితంగా సోలార్ పంపుసెట్లిచ్చే ఇందిర సౌర గిరి జల వికాసం పథకాన్ని 2025 మేలో ఈ మండలంలోని మాచారంలోనే మొదలుపెట్టారు.

మామ నన్నొక చెంచు పెద్దాయన చేనుకు తీసుకుపోయాడు. ఆయన తడి తువ్వాలతో సోలార్ ప్లేట్ల మీది దుమ్ము తుడుస్తున్నాడు. పైపు నిండుగా పోస్తోంది. ఇంతలో మబ్బు తునకొకటి సూర్యుడికి అడ్డమొచ్చింది. చూస్తుండగానే ధార సన్నబడి పైపు అంచు పట్టుకుని కారింది. మబ్బు కదిలింది, ధార మళ్లీ ఎగిరి పడింది. ఎండకూ నీళ్లకూ ఉన్న లెక్కను అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు.

"పొద్దుగూకితే అదే బందైతది బిడ్డా. రాత్రంత బోరు ఊరుతది" అన్నాడు పెద్దాయన.

ఆ మాట నాలో గుచ్చుకుంది. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని పాములకు భయపడుతూ బావి కాడికి పోయే బాధ మా నాన్నకు తప్పింది, అది చిన్న మేలు కాదు. కానీ కరెంటు రాగానే మోటరును దానంతటదే నడిపేందుకు స్టార్టర్ డబ్బాకు తగిలించిన ఆటో తీయలేదు. మోటరు రాత్రీ పగలూ నడిచింది. రెండేళ్లకు బోరు ఆగాగి పోసింది, ఇంకా లోతుకు వేయించాం. ఫ్లోరైడ్ రాళ్ల నేల మాది, ఆ నీళ్లు తాగి వంగిన నడుములను చూస్తూ పెరిగాను. అలాంటి చోట లోతు నీళ్లంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

అలాగని సోలార్ పెడితే నీళ్లు మిగులుతాయని నేననను. బిల్లు లేని ఎండ కూడా పొద్దంతా బోరును తోడగలదు. పెద్దాయన డ్రిప్పు వేసి మామిడి మొక్కలు పెట్టాడు కాబట్టి సరిపోయింది, అదే వరి మడైతే లెక్క వేరు. తడి చాలిన రోజు ప్లేట్ల కరెంటును గ్రిడ్డుకు అమ్ముకునే వీలుంటే, మోటరు ఆపడమూ రైతుకు రాబడే. 2019లో వచ్చిన కేంద్రం సోలార్ పంపుల పథకం పీఎం కుసుమ్‌లో ఆ దారి పెట్టారు. కరెంటు తీగ రాని ఈ అడవి చేలకు అదీ అందదు.

మధ్యాహ్నం దోమలపెంట పోయాం. అక్కడి కొండ లోపల శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రం ఉంది: 150 మెగావాట్లవి ఆరు యూనిట్లు, మొత్తం 900. నీళ్లను కిందికి వదిలి కరెంటు తీయడమే కాదు, యంత్రాలను వెనక్కి తిప్పి కింది నీళ్లను పైకి తోడవచ్చు కూడా. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, దిగువనున్న నాగార్జునసాగర్‌ది 590. పగటి సోలార్ కరెంటుతో ఎత్తి రాత్రికి దించుకునేందుకు ఇంతకంటే మంచి చోటేది? ఎత్తడానికి వంద యూనిట్ల కరెంటు పెడితే డెబ్బై, ఎనభై తిరిగొస్తాయి. పోయేదాన్ని నష్టమనుకోను, ఎండను దాచుకున్నందుకు కూలి అది.

నది ఇక్కడ రెండు రాష్ట్రాలకు హద్దు. కరెంటు కోసం నీళ్లు వదిలితే శ్రీశైలం మట్టం పడిపోతుంది, 854 అడుగుల కిందికి దిగితే రాయలసీమకు నీళ్లు మళ్లించే పోతిరెడ్డిపాడు గేట్లకు సరిగా అందవు. 2021లో గొడవ పడ్డది ఇందుకే. నీళ్ల లెక్క ఒక పుస్తకంలో, కరెంటు లెక్క ఇంకో పుస్తకంలో రాస్తే ఈ పంచాయితీ తెగదు.

రాత్రి తొమ్మిదికి అడవి గేటు మూస్తారు. ఆలోపే మన్ననూర్ చేరి నాన్నకు ఫోన్ చేశాను.

"మోటరు నడుస్తుందా నాయినా?"

"నడుస్తుంది. ఆటో మీద పెట్టొచ్చిన."

"తీసెయ్యరాదే."

"నాటు పడ్డది, మడి ఎండనియ్యమంటవా?"

ఏమనాలో తోచలేదు. "పొద్దున నేనొస్త, ఇద్దరం పోయి చూద్దాం" అన్నాను.