బరీ మార్కెట్లో నల్ల, బోటి

మాంచెస్టర్‌లో ట్రామ్ ఎక్కితే సుమారు అరగంటలో బరీ. ఇంగ్లండ్ చూడబోయేవాళ్లు ఈ ఊరి పేరు పెద్దగా తలవరు. నేను మాత్రం బ్లాక్ పుడింగ్ కోసమే వెళ్లాను. మేకను కోస్తే రక్తాన్ని కూడా పారబోయకుండా నల్ల వండుకునే వరంగల్ ఇంట్లో పెరిగినదాన్ని. పంది రక్తంతో ఈ ఊరివాళ్లు ఏం చేస్తారో చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక.

బ్లాక్ పుడింగ్ కోసం పంది రక్తంలో బార్లీ, ఓట్స్, కొవ్వు ముక్కలు, మసాలా దినుసులు కలిపి, పేగులో నింపి, రెండు కొసలూ దగ్గరికి లాగి కట్టి ఉడికిస్తారు. లండన్ హోటళ్లలో పొద్దున గుడ్డు, బేకన్ పక్కన కనిపించేదీ ఇదే. అక్కడ బిళ్లలుగా కోసి పెనం మీద కాలుస్తారు. బరీ మార్కెట్లో మాత్రం వేడినీళ్లలోంచి తీసి, నిలువునా చీల్చి, మధ్యలో మస్టర్డ్ (ఆవముద్ద) పూసి చేతికిస్తారు. ‘కొవ్వున్నదా, లేనిదా?’ అని కొట్టామె అడిగింది. ఉన్నదే ఇమ్మన్నాను. బార్లీ గింజలు పంటికి మెత్తగా తగులుతుంటే, మిరియాల కారం నెమ్మదిగా మొదలై, మస్టర్డ్ ఒక్కసారిగా ముక్కుకెక్కింది. మన నల్ల వేపుడులో పచ్చిమిర్చి, ధనియాల పొడి ముందు పలకరిస్తాయి. ఇక్కడ రక్తం రుచే ముందుంటుంది, ఇనుప వాసనతో సహా. నాకు చాలా నచ్చింది.

తినేవాళ్లను చూడటం ఇంకో ఆనందం. కుర్చీ కోసం ఎవరూ చూడరు. కొట్టు పక్కనే నిలబడి, సంచీలు కాళ్ల దగ్గర పెట్టుకుని, మాట్లాడుకుంటూ తింటారు. ఒక తాత తన మనవడికి చిన్న ముక్క తుంచి, మస్టర్డ్ తుడిచేసి, ఊది పెట్టాడు. వాడు రెండో ముక్కకు నోరు తెరిచాడు. ఈ పుడింగ్ మీద వీళ్ల ప్రేమ ఎంతటిదంటే, పక్కనున్న రామ్స్‌బాటమ్‌లో దాన్ని విసిరే పోటీలే పెడతారు. ఇరవై అడుగుల ఎత్తున ఉన్న అరుగు మీద పేర్చిన యార్క్‌షైర్ పుడింగ్‌లను (పిండి, గుడ్లు, పాలు కలిపి కాల్చే పొంగిన రొట్టెల్లాంటివి) దీనితో కొట్టి కింద పడేయాలి.

మార్కెట్లో బోటి కూడా దొరికింది. పెద్దకూర బోటి, తేనెపట్టులా గళ్లుగళ్లుగా, సున్నం కొట్టిన గోడంత తెల్లగా ఉంది. మన ఇళ్లలో బోటి అంటే సున్నం రాయడం, వేడినీళ్లు పోయడం, గీకడం, సగం రోజు దానికే సరి. బరీ కూడా ఒకప్పుడు భాగమైన లంకాషైర్‌లో ఆ పనంతా బోటి దుకాణాలవాళ్లే చేసి, గంటల తరబడి ఉడికించి అమ్మేవారు. ఇంటికి తెచ్చుకున్నాక ఉప్పు, మిరియాలు, వెనిగర్ చల్లుకుని చల్లగానే తినేయొచ్చు. పొద్దంతా నూలు మిల్లుల్లో నిలబడి పనిచేసే ఆడవాళ్లకు ఇది ఎంత ఆసరా అయి ఉంటుందో! యునైటెడ్ కాటిల్ ప్రొడక్ట్స్ అనే సంస్థకు ఉత్తర ఇంగ్లండ్‌లో వందకు పైగా బోటి దుకాణాలు ఉండేవి. కొన్నింటిలో టేబుళ్లు వేసి వడ్డించేవారు కూడా. రెండో ప్రపంచ యుద్ధంలో మాంసానికి రేషన్ వచ్చినప్పుడు కార్జం, గుండెకాయ, బోటి ఆ లెక్కలోకి రాలేదు. దొరికితే తెచ్చుకోవడమే. తర్వాత మిల్లులు మూతపడ్డాయి, చేతిలో డబ్బు ఆడింది, బోటి కొట్లు ఒక్కొక్కటిగా పోయాయి.

నాతోపాటు వరసలో నిల్చున్న పెద్దావిడ, జబ్బు చేసి లేచినవాళ్లకు వాళ్లమ్మ బోటిని పాలల్లో, ఉల్లిగడ్డలతో మెత్తగా ఉడికించి పెట్టేదని చెప్పింది. మాకు జ్వరం తగ్గాక కాళ్ల పాయా తాగించేవారని నేను చెప్పాను. ఎన్ని గంటలు ఉడకాలి, ఏమేం వేయాలి అని ఆమె వివరంగా అడిగి తెలుసుకుంది.

లండన్‌లో స్మిత్‌ఫీల్డ్ మాంసం మార్కెట్ దగ్గరున్న సెయింట్ జాన్‌లోనూ తిన్నాను. ఫెర్గస్ హెండర్సన్ 1994లో మొదలుపెట్టిన రెస్టారెంట్ అది. కాల్చిన మూలుగ ఎముకలు, పార్స్లీ ఆకుల సలాడ్, రొట్టె, రాళ్ల ఉప్పు వచ్చాయి. మూలుగను రొట్టె మీద రాసుకుని తింటే అద్భుతం. పేదల తిండికి తెల్లగుడ్డ పరిచిన బల్లల మీద గౌరవం దక్కడం నాకు సంతోషమే. కానీ బోటి బతకాలంటే అది ఇంటి పొయ్యి మీదికి తిరిగి రావాలి, అందుకు బరీ లాంటి మార్కెట్లే కావాలి.

వెళ్లాలనుకుంటే బుధ, శుక్ర, శనివారాల్లో వెళ్లండి. అప్పుడే మార్కెట్ నిండుగా ఉంటుంది.