పసుపు వైరు

పొద్దున కాలేజీ అనాటమీ మ్యూజియం రూములో అడుగుపెట్టేసరికి మా అటెండరు బాబాయి ప్లాస్టిక్ తల మోడల్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "మేడంగారూ, కన్ను మళ్ళీ ఊడిందండి" అన్నాడు. ఫెవిక్విక్ తెచ్చుకోమని డబ్బులిచ్చాను.

ఇవాళ ఫస్టియర్‌కి పెరోటిడ్ క్లాసు, అంటే చెవి ముందుండే లాలాజల గ్రంథి. మా మోడల్లో ముఖం కండరాల్ని కదిపే ఫేషియల్ నెర్వ్ 5 కొమ్మలూ చెంప మీద పసుపు సేమ్యాల్లా పరిచి ఉంటాయి. అది చూసీ చూసీ పిల్లలు నెర్వ్ గ్రంథి పైనుంచి పోతుందని రాసేస్తారు. నిజానికి అది చెవి వెనక ఎముక పక్కనుంచి బయటికొచ్చి, గ్రంథిలోకి దూరి, లోపలే చీలుతుంది. పోనీ కెడావర్ (పాఠానికి దాచిన శవం) మీద చూపిద్దామా అంటే, ఫార్మలిన్‌లో ఉండీ ఉండీ నెర్వూ రక్తనాళమూ అన్నీ నానేసిన చింతపండు రంగే.

అందుకని గ్రంథికి బదులుగా గిన్నెలు తోమే స్పాంజి కొత్తది ఒకటి ఇంట్లోంచి పట్టుకెళ్ళాను. (కాలేజీకి స్పాంజి ఎందుకమ్మా అని మా అత్తగారు రెండుసార్లు అడిగారు.) ఫ్యాను రిపేరులో మిగిలిన వైరు ముక్కలు బాబాయి ఇచ్చాడు. స్పాంజి మధ్యకి చీల్చి అడుగున ఎర్రది, అంటే ఎక్స్‌టర్నల్ కెరోటిడ్ ధమని. దాని మీద నీలం, రెట్రోమాండిబ్యులర్ వెయిన్, అంటే సిర. అన్నిటికంటే పైన ఐదు పాయలు చేసిన పసుపు, ఫేషియల్ నెర్వ్. మూసేసి, రబ్బరు బ్యాండుతో ప్లాస్టిక్ పుర్రె దవడకి బిగించాను. అంచుల్లోంచి పసుపు కొసలు మాత్రం తొంగిచూస్తున్నాయి.

"లోపల గడ్డ ఉందనుకోండి. పసుపు తెగకుండా పై స్పాంజి తీయండి" అన్నాను. మొదటి కుర్రాడు రెండు నిమిషాలు తిరక్కుండానే కింది కొమ్మ తెంపేశాడు. మార్జినల్ మాండిబ్యులర్. "ఇక ఈయన నవ్వితే ఆ పక్క కింది పెదవి దిగదు" అన్నానో లేదో, క్లాసంతా మూతులు వంకర్లు తిప్పుకుని ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడమే.

వెనక బెంచీ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "మా అమ్మమ్మకి మూతి వంకరపోయింది మేడం, బెల్స్ పాల్సీ అన్నారు. ఈ వైరేనా?" వైరు ఇదేగానీ వాపు ఇక్కడ కాదు, నెర్వ్ బయటికి రాకముందే, చెవి ఎముకలోని సన్నటి కాలువలో. చూపిద్దామని పుర్రె తిరగేస్తే, ప్లాస్టిక్‌లో నెర్వ్ బయటికొచ్చే ఆ రంధ్రం ఉత్త సొట్ట! బీరువాలోంచి అసలు పుర్రె తీసి చీపురుపుల్ల దూర్చాను. ఆ పిల్ల పుల్లని మెల్లగా లోపలికీ బయటికీ జరుపుతూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

సాయంత్రం తాళం వేస్తూ చూశాను. బాబాయి కన్ను అతికించాడు, కాకపోతే ముక్కువైపు తిప్పి. అచ్చం కన్నుని బయటివైపు తిప్పే 6వ నెర్వ్ పోయిన కేసులా ఉంది. వచ్చేవారం క్లాసుకి పనికొస్తుంది, అలాగే ఉంచేయమన్నాను.