ఒత్తిగిలితే ఆరిపోతున్న తెర: హెడ్‌సెట్ దిండు పని ఎంతవరకు వచ్చిందంటే

కళ్లకు కట్టుకునే వీఆర్ హెడ్‌సెట్‌తోనే తమ్ముడు పక్కకు ఒత్తిగిలి నిద్రపోయేలా ఒక దిండు కుడుతున్నాను. రాత్రి మళ్లీ అదే. తమ్ముడు వెల్లకిలా ఉన్నంతసేపు బ్రహ్మాండంగా ఉంది, నిద్ర ముంచుకొస్తోందన్నాడు కూడా. కుడి పక్కకు ఒత్తిగిలాడో లేదో తెర ఆరిపోయింది. "అక్కా, మళ్లీ పోయింది!" అని పక్క గదిలోంచి కేక. లైటు వేసి చూస్తే హెడ్‌సెట్ (మాది క్వెస్ట్ 3) కుడి అంచు దిండులో దిగబడి ఉంది, ముక్కు పక్కన వేలు దూరేంత సందు. ఇంత కుట్టీ విప్పీ చేశాక కూడా పని ఇక్కడే ఆగిందంటే ఒళ్లు మండుతోంది.

కుదిరినవి ముందు చెప్పేస్తాను. ముఖానికి ఆనే మెత్తకు అమ్మ పాత మంగళగిరి చీర ముక్కతో తొడుగు కుట్టాను, చెమట గొడవ తీరింది. గుంటూరు ఉక్కలో సిలికాన్ తొడుగు మాత్రం వద్దు, అరగంటకే ముఖం ఉడికిపోతుంది. తల వెనక గట్టి చక్రం ఉండే పట్టీలు కూర్చుని ఆడేవాళ్లకు బాగుంటాయేమో, పడుకునేవాళ్లకు డబ్బాలో వచ్చిన మెత్తటి పట్టీని మించింది లేదు. వెలుగు కనిష్ఠానికి దించాం. పవర్ బ్యాంక్ దిండు కింద కాకుండా స్టూలు మీద పెట్టాం, వేడెక్కే వస్తువును దూది కింద పెట్టడం నాకిష్టం లేదు.

ఇక అసలు తంటా. వీఆర్‌చాట్‌లో, అంటే హెడ్‌సెట్ పెట్టుకుని బొమ్మల లోకంలో కలుసుకునే యాప్‌లో, వాన పడే గది ఒకటి పెట్టుకుని వీడూ, వీడి హాస్టల్ స్నేహితులూ రాత్రిళ్లు అక్కడే కబుర్లు చెప్పుకుంటూ నిద్రపోతారు. ఒకడు హైదరాబాదు, ఒకడు పూణె, ఒకడు బెంగళూరు. నాలుగేళ్లు ఒకే గదిలో పడుకున్నవాళ్లు. తెర ఆరితే వీడు ఆ గదిలోంచి ఊడిపోతాడు, నిద్ర కూడా చెడుతుంది. ఆరడానికి కారణం రెండు అద్దాల మధ్య ఉండే సెన్సర్. ముఖం దూరమైందనుకుంటే తెర ఆపేస్తుంది. దాని మీద టేపు అంటించేయమని చాలామంది చెబుతారు, నేను ఒప్పుకోను. నిద్రలో హెడ్‌సెట్ ఊడి పడితే తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటుంది. హెడ్‌సెట్ జరగకుండా చూడటమే సరైన దారి.

అందుకని ఎటు జరుగుతోందో ముందు తేల్చుకున్నాం. నుదుటి మీద కాగితం టేపు అంటించి, హెడ్‌సెట్ నడి గీతకు ఎదురుగా స్కెచ్ పెన్నుతో గీత గీశాను. కుడి పక్కకు పడుకున్న పావుగంట తర్వాత చూస్తే హెడ్‌సెట్ 8 మిల్లీమీటర్లు ఎడమకు, అంటే పైకి, జరిగింది. 515 గ్రాముల బరువు కదా, తన బరువుకు తానే కిందికి జారుతోందని అప్పటిదాకా అనుకుంటున్నాం. తల దిండు అంచున పెట్టి, హెడ్‌సెట్‌ను గాల్లో వదిలి చూస్తే 3 మిల్లీమీటర్లు కిందికి జారింది, తెర మాత్రం ఆరలేదు. మెడ పట్టేసింది, అది వేరే సంగతి. మొత్తానికి దోషం బరువుది కాదు, కింద నుంచి తోస్తున్న దిండుది. పట్టీ చెమటకు సాగుతోందేమోనని బిగించి కూడా చూశాం. 8 కాస్తా 7 అయింది, చెంప మీద ఎర్రటి అచ్చు పడింది.

దిండు 11 సెంటీమీటర్ల ఎత్తు, బూరుగ దూది. తల పెడితే చెంప కింద 6కు దిగుతుంది. తమ్ముడి కణతల మధ్య 14.5 సెంటీమీటర్లు, హెడ్‌సెట్ వెడల్పు 18.4. అంటే ఒక్కో పక్క దాదాపు 2 సెంటీమీటర్లు బయటికి పొడుచుకొస్తుంది, దాని అంచుకు మంచం నుంచి 4 సెంటీమీటర్ల ఎత్తులో చోటు కావాలి. నేను 5 సెంటీమీటర్ల లోతు గుంట పెట్టాను కాబట్టి దాని అడుగు 6 దగ్గరే ఉంది. రెండు సెంటీమీటర్లు అడ్డం. సరేనని అడుగు తీసేసి, 20 పొడవు, 14 వెడల్పుతో ఆరపార ఖాళీ వదిలి కుట్టాను.

అదీ కుదరలేదు. తల పెట్టగానే 14 సెంటీమీటర్ల ఖాళీ 9కి ముడుచుకుపోయింది. స్కేలు దింపి కొలిచాను. చెంప కింద నలిగిన దూది ఎటు పోతుంది, ఖాళీ ఉన్న చోటికే కదా! చెంప వైపు గోడ బొజ్జలా ఉబ్బి, సరిగ్గా ముఖపు మెత్త అంచును పైకి తోస్తోంది. ఇంకో పావుకిలో దూది కూరితే ఖాళీ 11 దగ్గర ఆగింది, తెర నలభై నిమిషాలు నిలిచింది. కానీ దిండు ఇటుకలా తయారై చెవి నొప్పి. పరుపులు కుట్టే ఆయన్ని అడిగితే "బూరుగ దూది జారుతుందమ్మా, మామూలు పత్తి ఏకించి పెట్టుకో" అన్నారు. పత్తి వేడి చేస్తుందని నా భయం. మెమరీ ఫోమ్ ఊసే వద్దు, మే నెలలో దాని మీద ఒక్క రాత్రి పడుకుంటే తెలుస్తుంది.

నాకు తట్టిన ఉపాయం ఆవాలు. పసిపిల్లల తల కింద పెట్టే ఆవాల దిండు చూసే ఉంటారు. గింజలు ఒత్తితే సర్దుకుని అక్కడే ఆగుతాయి, దూదిలా తిరిగి తన్నవు. 5 సెంటీమీటర్ల లావు గొట్టం కుట్టి, కిలో దాకా ఆవాలు నింపి, ఖాళీ చుట్టూ గోడలా అమర్చాలి. చెంప కింద మాత్రం బూరుగ దూదే, మధ్యలో అడ్డుకుట్టు. చెవి దగ్గర గింజల గరగర వినపడుతుందేమో చూడాలి. వినపడితే గొట్టానికి రెండు పొరల గుడ్డ.

ఎడమ పక్క తర్వాత చూస్తాను. ఎడమకు తిరిగి పడుకోమనే అమ్మ చెబుతుంది కానీ క్వెస్ట్ 3 ఛార్జింగ్ రంధ్రం ఆ పక్కే ఉంది, పిన్ను దిండులో నలుగుతుంది. పై అంచున వేడిగాలి వదిలే చీలిక కూడా మూసుకుపోకూడదు. బిగ్‌స్క్రీన్ బియాండ్ అనే హెడ్‌సెట్ అయితే 127 గ్రాములే, ఈ దిండు గొడవ సగం ఉండదు. దానికి పీసీ, బేస్ స్టేషన్లు (హెడ్‌సెట్ కదలికలు తెలిసేందుకు గదిలో పెట్టే పెట్టెలు) కావాలి, ఇప్పట్లో మాకు కుదిరేది కాదు. పీసీ కొన్నాక మాత్రం ఒయాసుమివీఆర్ అనే, వీఆర్‌లో నిద్రపోయేవాళ్ల కోసం చేసిన ప్రోగ్రామ్ పెట్టి, నిద్రపోయాక వెలుగు దానంతటదే తగ్గేలా చేస్తాం. క్వెస్ట్ 3 ఎల్సీడీ తెరలో చీకటి కూడా బూడిద రంగులో మెరుస్తుంది, రెప్పల మీద అది తెలుస్తూనే ఉంటుందట.

ఇంకొకటి, తూర్పు కిటికీకి మందపాటి పరదా వేశాను. ఊడి పడిన హెడ్‌సెట్ అద్దాల మీద పొద్దుటి ఎండ పడితే తెర కాలి మచ్చ పడుతుంది. హెడ్‌సెట్‌తో పడుకునేవాళ్లెవరైనా సరే, దిండు సంగతి ఎలా ఉన్నా ముందు ఇది చేయండి. ఒత్తిగిలి పడుకునేవాళ్లు మీ కణతల మధ్య కొలత, దిండు నలిగాక ఎత్తు రాసి పంపితే గొట్టం లావు ఎంత పెట్టాలో నాకు తేలిగ్గా తెలుస్తుంది.