భైరవికి ఊరుకోవడం నేర్పిన రెండేళ్లు

ఈ మధ్య మధ్యాహ్నం పూట మా వరండాలో భైరవి చాప మీద పక్కకు ఒరిగి, నాలుగు కాళ్లూ బారచాపుకొని పడుకుంటోంది. గోడ మీద బల్లి కదిలితే ఒక చెవి తిప్పి, మళ్లీ కళ్లు మూసుకుంటోంది. కుక్క పడుకోవడంలో విశేషమేముందని చదివేవారికి అనిపించవచ్చు గానీ, బెల్జియన్ మాలినోయిస్‌ను ఇంట్లో పెంచినవారికి ఆ విశేషం వెంటనే అర్థమవుతుంది. ఈ జాతికి పరుగెత్తడం, వెతకడం, పట్టిన పట్టు వదలకపోవడం పుట్టుకతోనే వస్తాయి. ఊరుకోవడం మాత్రం రాదు. పిల్లలకు అక్షరాలు దిద్దించినట్టు దాన్ని దిద్దించాలి. అనంతపురం శివార్లలోని మా ఇంట్లో ఆ దిద్దుబాటుకు రెండేళ్లు పట్టింది.

రెండు నెలల పిల్లగా దానిని బెంగళూరు నుంచి తెచ్చుకున్నప్పుడు, జర్మన్ షెపర్డ్ కన్నా కొంచెం సన్నగా ఉండే కాపలా కుక్క అనే మేము అనుకున్నాము. చూడడానికి అలాగే ఉంటుంది కూడా. ఒంటి రంగు లేత గోధుమ, ముఖం నలుపు. ఆడకుక్క బరువు సాధారణంగా 20 నుంచి 25 కిలోలు ఉంటుంది. బెల్జియంలోని మెకెలెన్ పట్టణాన్ని ఫ్రెంచివారు మాలిన్ అంటారు, ఈ పేరు అక్కడి నుంచి వచ్చింది. 1891లో అడాల్ఫ్ రూల్ అనే పశువైద్య ఆచార్యుడు ఆ దేశపు గొర్రెల కుక్కలను ఒకచోట చేర్చి పరిశీలించిన తరువాత వాటిని వెంట్రుకల తీరును, రంగును బట్టి రకాలుగా విడదీశారు. పొట్టి వెంట్రుకల రకం ఇది. గొర్రెల మందను రోజంతా చుట్టి వచ్చే ఓపికను తరతరాలుగా ఏరి ఏరి పెంచినందున, మంద లేని ఇంట్లో కూడా ఆ ఓపిక అలాగే మిగిలి ఉంటుంది.

ఆ సంగతి నాకు పుస్తకాల కన్నా గొర్రెల కాపరుల వల్ల బాగా తెలిసింది. ఎండాకాలంలో ఎరువు కోసం మా చేనులో గొర్రెల మంద పెట్టిస్తాము. ఆ మందల వెంట వచ్చే నాటు కుక్కలు పగలంతా వేపచెట్టు నీడలో మట్టిలో గుంత తవ్వుకొని పడుకుంటాయి, చీకటి పడ్డాక లేచి మంద చుట్టూ కాపలా కాస్తాయి. భైరవి ఒక రోజు ఆ గొర్రెలను చూసిన క్షణం నుంచి తాడు చివర వణుకుతూ, కూర్చోకుండా, నీళ్లు కూడా ముట్టకుండా, వాటి వైపే చూస్తూ సాయంత్రం దాకా నిలబడింది. కాపరి ముసలాయన దానిని చాలాసేపు గమనించి, "ఇది ఎప్పుడు పండుకుంటాదమ్మా?" అని అడిగాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆయన కుక్కలవీ మందకు సంబంధించిన పనులే, అయితే అవి తోడేలు వస్తే తరిమే పనికి అలవాటు పడినవి, తక్కిన సమయమంతా వాటికి విశ్రాంతే. మందను నడిపించే కుక్కకు అలా కుదరదు, ఏ గొర్రె పక్కకు జరిగినా అది చూడాలి. అందుకే కదిలేది ఏదైనా భైరవికి పిలుపులాగే వినిపిస్తుంది. వాకిట్లో పరుగెత్తే మా చెల్లెలి కూతురి పావడా అంచు, ఆ వెంటనే మడమ, దాని నోటికి అలాగే దొరికాయి. చర్మం తెగలేదు గానీ కందింది, పిల్ల బెదిరిపోయింది. ఆ పని అది కోపంతో చేయలేదని నాకు స్పష్టంగా తెలుసు. అయినా పిల్లలు ఆడుకునే వేళ దానిని విడిచిపెట్టడం ఆ రోజుతో పూర్తిగా మానేశాము.

కుక్కల శిక్షకులు ఈ స్వభావాన్నే డ్రైవ్ అంటారు. దానిని అలసటతో అణచవచ్చని నేను నమ్మాను, నేను చేసిన పెద్ద పొరపాటు అదే. తెల్లవారుజామున బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద మొదట మూడు కిలోమీటర్లు, తరువాత ఐదు, చివరికి ఎనిమిది కిలోమీటర్లు దానితో పరుగెత్తాము. నెల తిరిగేసరికి దానికి దమ్ము పెరిగింది. ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తి ఇంటికి వచ్చి, గేటు దగ్గర గిరగిరా తిరుగుతూ ఇంకా ఏమిటన్నట్టు చూసేది. సైన్యంలో కుక్కలతో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన మా వీధిలో ఉన్నారు. వారు ఒక ఉదయం ఈ తతంగమంతా చూసి, "కాళ్లకు పని పెడతాండావు తల్లీ, ముక్కుకు పెట్టడం లేదు" అన్నారు.

మా ఇంటి దారి ఆ మాటతో మారింది. ఇంటి వెనుక వేరుశనగ కట్టె వామి ఉంది. మొదట భైరవి కళ్లెదుటే రబ్బరు బంతిని వామి అంచున దాచి వెతకమన్నాను, తరువాత కనపడకుండా దాచాను, ఆ తరువాత మూడు చోట్లకు తిరిగి ఒక చోటనే దాచాను. గాలి ఏ వైపు నుంచి వీస్తోందో కనిపెట్టి, తల ఎత్తి, వామి చుట్టూ తిరిగి, వాసన చిక్కిన చోట ఒక్కసారిగా ఆగి ముక్కు లోపలికి దూర్చే ఆ తీరును ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరలేదు. పదిహేను నిమిషాల వెతుకులాట తరువాత అది నీళ్లు తాగి, తనంతట తాను పడుకుంది. ఎనిమిది కిలోమీటర్ల పరుగు ఇవ్వని నిద్ర అది. బెంగళూరు దగ్గరి తరళులో కేంద్ర రిజర్వు పోలీసు దళం (సీఆర్‌పీఎఫ్) వారు ఈ జాతిని పెంచి, దాచిన పేలుడు పదార్థాలను వెతికే పనికి తయారు చేస్తారు. 2022 జూలైలో కశ్మీర్‌లోని బారాముల్లాలో ప్రాణం విడిచిన సైనిక శునకం యాక్సెల్ కూడా ఈ జాతిదే. అటువంటి పనికి పుట్టిన ముక్కును మనం వాకిట్లో కట్టేసి ఖాళీగా ఉంచుతున్నామన్న ఆలోచన నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

చాప పాఠం దీనితో పాటే మొదలైంది. భైరవి చాప మీద కాలు పెడితే ఒక కోడిమాంసం ముక్క, పడుకుంటే ఇంకొకటి ఇచ్చాను. ముక్కను విసరకుండా, ముందు కాళ్ల మధ్య నేల మీద నెమ్మదిగా పెట్టాలి, ఎందుకంటే విసిరితే మళ్లీ వేటే మొదలవుతుంది. గొంతు కూడా తగ్గించాలి. సంతోషంతో గట్టిగా మెచ్చుకున్నా అది ఎగిరి లేస్తుంది. మొదటి వారం పది సెకన్లే నిలిచింది. నెలకు రెండు నిమిషాలు, ఆరు నెలలకు మా నాయన భోజనం పూర్తయ్యేంత సేపు నిలిచింది. "ఇంక చాలు" అనే మాట వినపడేదాకా లేవకూడదన్నది దానికి అర్థమైన రోజున ఇంట్లో అందరి భుజాలూ కిందికి దిగాయి. నడుమ పది నెలల నుంచి ఏడాదిన్నర వయసు దాకా నేర్చినదంతా మరచినట్టు ప్రవర్తించిన కాలం ఒకటి ఉంది. ఆ కాలంలో ఓర్పు తప్ప వేరే ఉపాయం మాకు దొరకలేదు. కసరడం పనికిరాదు. ఇంత గట్టి కుక్క మనిషి గొంతులోని చిన్న విసుగుకు కూడా ముడుచుకుపోతుంది, లేదా ఇంకా రెచ్చిపోతుంది.

మా సీమ ఎండల గురించి ఒక మాట తప్పక చెప్పాలి. ఈ కుక్క తనంతట తాను ఆగదు, బంతి విసురుతున్నంత సేపూ కూలిపోయేదాకా తెస్తూనే ఉంటుంది, కాబట్టి ఆపవలసింది మనమే. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఆరు దాటితే భైరవికి పరుగు లేదు. నాలుక వెడల్పై బయటికి వేలాడి, చిగుళ్లు ముదురు ఎరుపుకు తిరిగి, నడక తూలితే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి, ఫ్యాను గాలి తగిలేలా చేసి, ఆలస్యం లేకుండా పశువైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి.

భైరవిని చూసి, అటువంటి పిల్ల ఎక్కడ దొరుకుతుందని అడిగేవారు నెలకు ఒకరైనా వస్తున్నారు. మిద్దె మీద గొలుసుతో కట్టిన ఒక మాలినోయిస్, కట్టుకొయ్య చుట్టూ ఒకే గుండ్రంలో రోజంతా తిరగడం ఈ ఊరిలోనే నేను చూశాను. అందుకే వచ్చినవారిని రోజుకు రెండు గంటలు, పదేళ్ల పాటు ఇవ్వగలరా అని అడుగుతాను. చాలామంది మాట మారుస్తారు. మోటారు సైకిల్ శబ్దానికి భైరవి నేటికీ వణుకుతుంది. ఆ వణుకు పోలేదు. చప్పుడు వినగానే అది ఇప్పుడు నా ముఖం వైపు చూస్తుంది, నేను "చాప" అంటాను, అది వెళ్లి పడుకుంటుంది.