నారాలో అ ఇ ఉ ఎ ఒ

పోయిన వారం జపాన్‌లో నారా వెళ్ళా, తోదాయ్‌జీ గుళ్ళో దాదాపు 15 మీటర్ల కంచు బుద్ధుడి ముందు నిలబడితే నోట మాట రాలేదు. 752లో ఈ బుద్ధుడికి కళ్ళు దిద్దింది మన దేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడనే భిక్షువు, ఆయన కుంచెకి పొడుగాటి దారాలు కట్టి అక్కడికొచ్చిన వాళ్ళు కూడా వాటిని పట్టుకున్నారు, అంటే అందరి చెయ్యీ ఆ కంటికి తగిలినట్టే కదా. మన గుళ్ళల్లో ప్రతిష్ఠకి నేత్రోన్మీలనం చూసినవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. ఆ కుంచె ఇప్పటికీ షోసోయిన్ ఖజానాలో భద్రంగా ఉంది!

అక్కడి షింగోన్ అనే బౌద్ధ శాఖ గుళ్ళల్లో చేసే గోమా అంటే మన హోమమే, చేతిలో వీణలాంటి బివాతో ఉండే బెన్‌జైతెన్ దేవత మన సరస్వతే.

కానీ నన్ను కదిలించేసింది మాత్రం మేం దిగిన ఇంట్లో పాప. జపనీస్ అక్షరాల చార్ట్ చూస్తూ అ ఇ ఉ ఎ ఒ, క కి కు కె కొ అని చదువుతోంది. సంస్కృతం నేర్చుకున్న బౌద్ధ సన్యాసుల వల్ల అక్కడ స్థిరపడిన వరస అది. నేను పలక మీద దిద్దిన వరసే! ఆగలేక గొంతు కలిపా, క తర్వాత నేను చ అన్నా, పాప స అంది, వాళ్ళకి ఆ చోట స వస్తుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాం.