విట్‌బీ బస్సులో ఊళ్ల బోర్డులు

ఉత్తర ఇంగ్లండు యార్క్‌షైర్‌లోని మాల్టన్‌లో, సముద్రం ఒడ్డున ఉన్న విట్‌బీకి వెళ్లే బస్సెక్కితే టికెట్ 3 పౌండ్లు. 2024 చివరిదాకా రెండే. ఒక్కసారే సగం పెంచేశారని గొణుక్కుంటూనే పై అంతస్తులో ముందు సీటు పట్టాను. ఈ దారిలో అసలు చూడాల్సినవి ఊళ్ల బోర్డులు.

పికరింగ్ తర్వాత థార్న్‌టన్-లె-డేల్. థార్న్ ముళ్ల చెట్టు, టన్ పాత ఇంగ్లీషులో కంచె వేసుకున్న పల్లె. మన తుమ్మలపల్లి లాంటిదే. ఆ తర్వాత గోత్‌లాండ్. స్పెల్లింగులో గోట్, అంటే మేక, కనిపిస్తుంది గానీ మేకకూ ఊరికీ సంబంధం లేదు. మంచి నేల అనో, గోడా అనేవాడి నేల అనో అర్థం. స్లైట్స్ ఇంకా చిత్రం. పేరుకు చదును పొలాలు. అక్కడికి చేరాలంటే మాత్రం ఐదడుగులకు అడుగు చొప్పున దిగే బ్లూ బ్యాంక్ అనే వాలు మీద బస్సు బ్రేకులు మూలుగుతాయి.

స్లైట్స్‌కు ఎగువన గుట్ట మీద అగిల్‌బార్న్‌బీ. బోర్డు చూసినవాళ్లు 'అగ్లీ', 'బార్న్' అని విడగొట్టి నవ్వుకుంటారు. పొరపాటంతా ఇక్కడే: ఇప్పటి స్పెల్లింగుని ఎప్పుడూ నమ్మకూడదు. 1086లో ఇంగ్లండు రాజు రాయించిన భూముల లెక్క డూమ్స్‌డేలో ఇది 'ఉగ్లెబెర్దెస్‌బి'. వైకింగుల భాష నార్స్‌లో ఉగ్లా గుడ్లగూబ, బార్ది గడ్డం, బీ పల్లె. గుడ్లగూబ గడ్డంవాడి ఊరన్నమాట. ఎవడికో పెట్టిన ఎకసెక్కపు పేరు వెయ్యేళ్లు నిలబడింది! 876లో డేన్ల (డెన్మార్క్ వైకింగుల) నాయకుడు హాఫ్డాన్ ఉత్తర ఇంగ్లండులోని నార్తంబ్రియా రాజ్యపు నేలను తన సైన్యానికి పంచాడు. ఈ చుట్టుపక్కల బీలు, థోర్ప్‌లు అన్నేసి ఉండటానికి మూలం ఆ డేన్ల రాకే. థోర్ప్ అంటే మన రెవెన్యూ భాషలో శివారు గ్రామం.

పేరు విప్పాలంటే ముందు అతి పాత రూపం వెతకాలి. 1923లో మొదలైన ఇంగ్లిష్ ప్లేస్-నేమ్ సొసైటీ సంపుటాలు కౌంటీల వారీగా ఉన్నాయి. తర్వాత ఊరివాళ్లు ఎలా పలుకుతారో వినాలి. చివరికి నేల చూడాలి, ముఖ్యంగా పేరు చివర 'హామ్' ఉన్న ఊళ్లకు. 'హామ్' ఇల్లూవాకిలీ కావచ్చు, 'హమ్మ్' అయితే ఏటి వంపులోని పచ్చిక. రెండూ అరిగిపోయి ఇవాళ ఒకే స్పెల్లింగులో కూర్చున్నాయి. పక్కన ఏరు లేకపోతే ఈ రెండో అర్థానికి అవకాశం తక్కువ.

విట్‌బీ డూమ్స్‌డేలో 'విటెబి'. తెల్ల ఊరో, హ్వీతి అనేవాడి ఊరో. డేన్లకు ముందు దాని పేరు స్ట్రియోనెస్‌హాల్హ్. దానికి దీపస్తంభపు అఖాతం అని అర్థం చెప్పాడు 731లో సన్యాసి బీడ్. హాల్హ్ అంటే మూల నేల. ఆ మాటలో దీపం ఎక్కడుందో నాకైతే కనిపించలేదు.